అరసవల్లి కిరణాల లెక్కను కదిలే బొమ్మగా చేయడం ఎలా?

ఆమదాలవలస_సైన్స్‌మాస్టారు | మార్చి 11, రాత్రి 8:52

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొన్న అరసవల్లి సూర్యదేవాలయంలో కిరణ దర్శనం అయిన దగ్గర్నుంచీ తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను వదలడం లేదు. "మార్చి 9, 10 తేదీల్లో స్వామివారి పాదాల మీద ఎండ పడితే మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లోనే ఎందుకు పడాలి సార్? జూన్‌లో ఎందుకు పడదు?" అని ఒకటే ప్రశ్న. బోర్డు మీద భూమి బొమ్మ వేసి 23.4 డిగ్రీల వాలు చూపించాను. అందరూ తలూపారు. క్లాసు మొత్తం ఒకేసారి తలూపిందంటే ఎవరికీ ఎక్కలేదని అర్థం.

శ్రీకాకుళానికి ఏడాది పొడవునా సూర్యోదయం టైము, సూర్యుడు తూర్పుకి ఎన్ని డిగ్రీలు పక్కన ఉదయిస్తాడో ఎక్సెల్‌లో పెట్టుకున్నాను. 365 వరసలు. అందులో జవాబు ఉంది, కానీ ఆ షీటు చూసి పిల్లలెవరికీ ఏమీ తట్టదు. దీన్ని కదిలే బొమ్మగా మార్చాలి. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకి పెట్టే పెద్ద టచ్ తెర) ఉంది, నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉంది. కోడింగ్ రాదు, చెబితే నేర్చుకుంటాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాలకొండ_పిల్లోడు | మార్చి 11, రాత్రి 9:05

ఇంత కష్టం ఏటి మాస్టారూ, యూట్యూబ్‌లో వీడియో పెట్టేస్తే పోయె కదా.

ఆమదాలవలస_సైన్స్‌మాస్టారు | మార్చి 11, రాత్రి 9:11

పెట్టాను బాబూ. అన్నీ లండన్, న్యూయార్క్ ఆకాశాలే. అక్కడ సూర్యుడు ఏటవాలుగా పాక్కుంటూ లేస్తాడు, మన దగ్గర ఇంచుమించు నిలువుగా ఎక్కుతాడు. పిల్లలకి మన ఊరి సూర్యుడే కావాలి.

కళింగతీరం | మార్చి 11, రాత్రి 9:40

స్టెల్లేరియం అని ఆకాశం చూపించే సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేసుకోండి మాస్టారూ. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ప్యానెల్‌లో నెట్ ఉంటే బ్రౌజర్‌లోనే తెరవొచ్చు. ల్యాప్‌టాప్‌లో అయితే లొకేషన్‌లో 18.3 ఉత్తరం, 83.9 తూర్పు ఇవ్వండి. తూర్పుకి తిప్పి, జెడ్ కీ నొక్కితే దిక్కుల గళ్లు వస్తాయి. తర్వాత ఈక్వల్ కీ నొక్కిన ప్రతిసారీ ఒక రోజు ముందుకి వెళ్తుంది, మైనస్ కీతో వెనక్కి వస్తుంది. ఆ కీ మీద వేలు అలాగే ఉంచితే సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ పోయి రావడం కళ్ల ముందే కనిపిస్తుంది. కోడింగ్ గొడవే లేదు.

బొబ్బిలి_వీణ | మార్చి 11, రాత్రి 10:26

కళింగతీరం గారు చెప్పింది మంచి మొదలు. అయితే మాస్టారూ, అందులో ఒక మెలిక ఉంది. క్లాసులో చూపించే ముందు అది తెలుసుకోవాలి. నా ఉద్యోగమే డేటాను బొమ్మలు చేయడం కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

ఈక్వల్ కీ నొక్కితే గడియారం టైము మారదు, తేదీ మాత్రమే మారుతుంది. ఉదయం 6:20కి పెట్టి మొదలుపెట్టారనుకుందాం. మార్చి 9న మన దగ్గర సూర్యోదయం సుమారు 6:07కి. అంటే 6:20కి సూర్యుడు 2 డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటాడు. అక్టోబరు 1న సూర్యోదయం సుమారు 5:45కే అయిపోతుంది. అదే 6:20కి సూర్యుడు 7 డిగ్రీల పైనే ఉంటాడు. చూస్తున్న పిల్లవాడు ఏమంటాడు? "రెండు రోజులూ సూర్యుడు ఒకచోటే ఉంటాడన్నారు కదా సార్, ఎక్కడున్నాడు?" అంటాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే.

రెండు రోజులూ సూర్యుడు ఉదయించే చోటు ఇంచుమించు ఒకటే: తూర్పుకి 4 డిగ్రీలు దక్షిణంగా. కానీ ఆ చోటుకి అక్టోబరులో ఇరవై నిమిషాలకి పైగా ముందే వచ్చేస్తాడు. దానికి కారణం వేరే. భూమి కక్ష్య సరైన గుండ్రం కాదు, జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి కొంచెం వేగంగా, జులై మొదట్లో దూరంగా ఉండి కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. దానికి వాలు ప్రభావం కూడా కలుస్తుంది. అందుకే ఎండ గడియారం నవంబరు మొదట్లో చేతి గడియారం కంటే 16 నిమిషాలు ముందుంటుంది, ఫిబ్రవరి రెండో వారంలో 14 నిమిషాలు వెనకబడుతుంది. రోజూ ఒకే టైముకి ఫ్రేము తీస్తూ పోతే ఏడాదికి ఆకాశంలో 8 అంకె లాంటి గీత వస్తుంది. అది అందమైన బొమ్మే, కాకపోతే మీ పిల్లలు అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు.

అరసవల్లికి కావాల్సింది ప్రతి ఫ్రేమునూ ఆ రోజు సూర్యోదయానికే తీసిన బొమ్మ. మీ షీటులో ఉన్నది సరిగ్గా అదే డేటా. కాబట్టి మీ 365 వరసలు పారేయకండి, పనంతా వాటితోనే.

గణితపంచాంగం | మార్చి 12, ఉదయం 6:15

వీణ గారు చెప్పిన సూర్యోదయం పద్ధతి పంచాంగంలో మొదట్నుంచీ ఉన్నదే. మన వారం మొదలయ్యేది సూర్యోదయంతో, అర్ధరాత్రితో కాదు.

మాస్టారికి ఒక చిన్న లెక్క. డిసెంబరు 21 దగ్గర సూర్యుడు బాగా దక్షిణానికి పోయి వెనక్కి తిరుగుతాడు. అక్టోబరు 2 నుంచి అక్కడికి 80 రోజులు. అక్కడి నుంచి మార్చి 9కి 78 రోజులు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే గుమ్మం ముందు నుంచి వెళ్తున్నాడు. పిల్లలకి క్రాంతి (సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో ఎంత జరిగాడన్న కొలత) అనే మాట చెప్పకపోయినా ఇది తెలుస్తుంది. జూన్‌లో అయితే ఆయన ఉత్తరం వైపు ఎక్కడో ఉంటాడు.

పాలకొండ_పిల్లోడు | మార్చి 12, ఉదయం 7:30

తాంబూలం ఇచ్చుకోవాలండీ మీకు. నాకు ఇప్పటికి అర్థమైంది.

బొబ్బిలి_వీణ | మార్చి 12, ఉదయం 9:48

పంచాంగం గారి లెక్క యానిమేషన్‌లో ఎలా కనిపిస్తుందో చెబుతా.

కింద అడ్డంగా ఒక గీత, అదే తూర్పు దిగంతం. మధ్యలో తూర్పు గుర్తు. దాని మీద పసుపు చుక్క, అదే ఆ రోజు సూర్యుడు లేచిన చోటు. మూలన తేదీ. అంతే, ఇంకేమీ వద్దు. మేఘాలు, కొబ్బరిచెట్లు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అసలే వద్దు. రోజుకో ఫ్రేము, సెకనుకి పది ఫ్రేములు. సుమారు 37 సెకన్లలో ఏడాది అయిపోతుంది.

చుక్క తూర్పుకి అటు 25 డిగ్రీలు, ఇటు 25 డిగ్రీలు పోయి వస్తుంది. షీటులో కనిపించనిది ఒకటి ఇక్కడ కనిపిస్తుంది: చుక్క నడక ఒకే వేగంతో ఉండదు. ఉయ్యాల లాగ, చివర్లలో నెమ్మదించి మధ్యలో పరిగెడుతుంది. మార్చి, సెప్టెంబరుల్లో రోజుకి 0.4 డిగ్రీ పైగా జరుగుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. అంటే రోజుకి దాదాపు తన వెడల్పంత పక్కకి జరుగుతున్నాడు. అందుకే అరసవల్లి కిరణాలు రెండు మూడు రోజులే కనిపిస్తాయి. అదే గుమ్మాన్ని డిసెంబరు సూర్యోదయం వైపుకి కట్టి ఉంటే రోజుల తరబడి అదే చోట ఎండ పడేది, ఏడాదికి రెండుసార్లు అన్న మాటే ఉండేది కాదు. 365 అంకెల్లో ఈ సంగతి వెతికి పట్టుకోవాలంటే పక్కపక్క వరసలు తీసివేస్తూ కూర్చోవాలి. కదిలే బొమ్మలో మాత్రం పిల్లలే "సార్, అక్కడ స్లో అయిపోతున్నాడు" అంటారు, చూడండి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే దానితో ఇది పాతిక లైన్ల పని. ప్రోగ్రాం రాసి మెసేజ్‌లో పంపుతా. మీ షీటును సీఎస్‌వీగా సేవ్ చేసి పక్కన పెడితే చాలు.

కళింగతీరం | మార్చి 12, మధ్యాహ్నం 1:20

ఒక చిన్న సవరణ. గుడిలో కిరణాలు పడేది సూర్యుడు దిగంతం మీద ఉన్నప్పుడు కాదు, ఎదురుగా ఉన్న వాటిని దాటి కొంచెం పైకి వచ్చాక. మన అక్షాంశంలో సూర్యుడు ఒక డిగ్రీ పైకెక్కితే మూడో వంతు డిగ్రీ దక్షిణానికి జరుగుతాడు. కాబట్టి యానిమేషన్‌లో వచ్చే దిక్కు గుడి గుమ్మం దిక్కుతో అచ్చంగా సరిపోతుందని చెప్పకండి. ఏ రోజులు, ఎందుకు రెండుసార్లు అన్నది వస్తుంది. గుమ్మం కొలతలు లేకుండా అంతకు మించి చెప్పలేం.

ఇంకోటి. పిల్లల్ని ఉదయాన్నే సూర్యుణ్ణి చూడమని పంపకండి. గ్రౌండ్‌లో నిలువుగా కర్ర పాతి నీడ గీయించండి. సూర్యుడు దక్షిణంగా ఉంటే నీడ ఉత్తరంగా పడుతుంది, అదే డేటా. ఈ నెల 20 దగ్గర సూర్యుడు సరిగ్గా తూర్పున లేస్తాడు, మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి వారం దొరకదు.

డిగ్రీ_ఫైనలియర్_విజయనగరం | మార్చి 13, రాత్రి 11:02

అక్కా, కొంచెం వేరే విషయం, కానీ యానిమేషనే. ప్రాజెక్టుకి గయా (నక్షత్రాల చోట్లు, కదలికలు కొలిచిన అంతరిక్ష టెలిస్కోప్) డేటా తీసుకున్నా. 180 కోట్ల నక్షత్రాలు ఉన్నాయి కదా, టాప్ 5000 అని అడిగి దించాను. రంగు ఒక వైపు, వెలుగు ఒక వైపు పెట్టి ప్లాట్ చేస్తే నల్లటి ముద్ద వచ్చింది. పుస్తకంలో ఉన్న వాలు గీత (ఎక్కువ నక్షత్రాలు వరసగా పడే చోటు) ఎక్కడా లేదు. నక్షత్రాలు కదిలినట్టు కూడా చూపించాలని ఉంది. గైడ్ గారు అంతా బాగుంది అంటున్నారు, నాకు బాగున్నట్టు లేదు.

బొబ్బిలి_వీణ | మార్చి 14, ఉదయం 8:10

నీకు అనుమానం వచ్చింది చూడు, సగం ప్రాజెక్టు అక్కడే అయిపోయింది తమ్ముడూ.

టాప్ 5000 అంటే ఆర్కైవ్ తన చేతికి ముందు దొరికినవి ఇస్తుంది. అవి ఆకాశంలో ఒకే మూలవి కావచ్చు. అందులో రాండమ్ ఇండెక్స్ అని ఒక కాలమ్ ఉంటుంది, దాని ప్రకారం తీసుకుంటే అన్ని వైపుల నుంచీ వస్తాయి. నీ పనికి ఇంకా మంచి దారి ఉంది: పారలాక్స్ (భూమి జరిగే కొద్దీ నక్షత్రం పక్కకి జరిగినట్టు కనిపించే చిన్న కోణం) 10 మిల్లీ ఆర్క్‌సెకన్లు దాటినవే అడుగు. అంటే 100 పార్సెక్కుల (సుమారు 326 కాంతి సంవత్సరాల) లోపు ఉన్న మన చుట్టుపక్కల నక్షత్రాలు. తర్వాత వెలుగుని దూరంతో సరిచేయి. కనిపించే వెలుగుతోనే ప్లాట్ చేస్తే దగ్గరి దీపం, దూరపు దీపం కలిసిపోయి ముద్దే వస్తుంది. చుక్కల్ని బాగా చిన్నవి చేసి, పారదర్శకత పెంచు. అప్పుడు వాలు గీత, దాని కింద ఎడమ వైపు విడిగా తెల్ల మరుగుజ్జు నక్షత్రాల సన్నని పాయ రెండూ బయటపడతాయి. ఆ పాయ కనిపించిందంటే నీ డేటా సరిగ్గా ఉన్నట్టే.

కదలిక విషయం వేరే. గయా 2013 డిసెంబరులో ఎగిరి, 2025 మార్చిలో ఆగిపోయింది. అది కొలిచింది పదేళ్ల పైచిలుకు కదలిక. 40,000 నక్షత్రాలు రాబోయే 4 లక్షల ఏళ్లలో ఎలా కదులుతాయో చూపే యానిమేషన్ ఐరోపా అంతరిక్ష సంస్థ విడుదల చేసింది. చాలా అందంగా ఉంటుంది. అయితే అందులో ప్రతి ఫ్రేమూ లెక్కగట్టినదే, చూసి తీసినది కాదు. నువ్వు కూడా అలాంటిది చేస్తే ఆ ముక్క బొమ్మ మీదే రాయి.

కళింగతీరం | మార్చి 14, ఉదయం 10:33

వీణ గారూ, అంత పట్టింపు అవసరమా? హెచ్‌ఆర్ 8799 నక్షత్రం చుట్టూ నాలుగు గ్రహాలు తిరిగే వీడియో అందరం చూశాం. నిజం ఫొటోలతో చేసిందే కదా. వేరే నక్షత్రం గ్రహాలు కదలడం కళ్లారా చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. ప్రతి దాని కిందా "ఇది లెక్క, ఇది ఫొటో" అని రాస్తూ కూర్చుంటే ఆ ఆనందం పోతుంది.

బొబ్బిలి_వీణ | మార్చి 14, మధ్యాహ్నం 12:05

సరిగ్గా ఆ వీడియో గురించే చెప్పబోతున్నా. కెక్ టెలిస్కోప్‌తో ఏడేళ్లలో తీసిన ఏడు ఫొటోలు అవి. ఏడే. వీడియోలో కదలిక నున్నగా కనిపించడానికి మధ్య ఫ్రేములన్నీ కంప్యూటర్ పూరించింది. చేసినవాళ్లు ఆ సంగతి దాచలేదు, స్పష్టంగా చెప్పారు. కానీ అది వాట్సాప్‌లో మనదాకా వచ్చేసరికి ఆ మాట రాలిపోయింది. గ్రహాలు తిరగడం నిజం, ఏడు చోట్ల కొలవడం నిజం. ఫలానా రోజు గ్రహం ఫలానా చోట ఉందా అంటే మాత్రం ఆ వీడియోను సాక్ష్యంగా చూపలేం.

నాకు నచ్చిన పద్ధతి మన పాలపుంత నడిబొడ్డున ఎస్2 నక్షత్రానిది. కొలిచిన చోట్లు చుక్కలుగా, లెక్కగట్టిన కక్ష్య గీతగా, రెండూ ఒకే బొమ్మలో వేస్తారు. 16 ఏళ్లకోసారి తిరిగే ఆ నక్షత్రం 2018లో బాగా దగ్గరకి వచ్చినప్పుడు దాని వేగం ఎలా పెరిగిందో గీత చూస్తేనే తెలుస్తుంది. మధ్యలో కనిపించనిది ఏదో 40 లక్షల సూర్యుళ్ల బరువుతో కూర్చుందని అలాంటి కక్ష్యల నుంచే తేల్చారు. 2020 నోబెల్ బహుమతిలో సగం ఆ పనికే వచ్చింది. చుక్కలూ గీతా విడివిడిగా చూపించినందువల్ల ఆ బొమ్మ అందం ఏం తగ్గింది చెప్పండి?

కళింగతీరం | మార్చి 14, సాయంత్రం 4:50

తొమ్మిదో తరగతికి అంత మెలిక వద్దని ఇప్పటికీ అంటాను. మిగతాది ఒప్పుకుంటున్నా.

అసలు రెండు ఫ్రేములతో కూడా పని జరుగుతుంది. 1930లో క్లైడ్ టాంబో ప్లూటోను పట్టుకున్నది అలాగే. జనవరి 23న, 29న తీసిన రెండు ఫొటో ప్లేట్లను ఒక యంత్రంలో పెట్టి మార్చి మార్చి చూశాడు. వేలాది నక్షత్రాలు కదలకుండా ఉన్నాయి, ఒక్క చుక్క మాత్రం అటూ ఇటూ గెంతింది. మధ్య ఫ్రేములు ఎవరూ పూరించలేదు. మన కన్ను కదిలేదాన్ని అంత తొందరగా పసిగడుతుంది.

గణితపంచాంగం | మార్చి 15, ఉదయం 6:20

పిల్లలకి తర్వాత చూపించడానికి కుజుడి వక్రం బాగుంటుంది. 2024 డిసెంబరు 7 నుంచి 2025 ఫిబ్రవరి 24 దాకా కుజుడు వక్రించి, కర్కాటకం నుంచి మిథునంలోకి వెనక్కి వచ్చాడు. పంచాంగంలో రోజువారీ స్ఫుటాలు (గ్రహం ఆ రోజు ఏ డిగ్రీలో ఉందో చెప్పే అంకెలు) ఉంటాయి, అంకెలు తగ్గుతూ పోతాయి. అవి చూసి కుజుడు నిజంగానే వెనక్కి నడిచాడనుకునేవాళ్లు మా వాళ్లలోనూ ఉన్నారు.

తెర రెండుగా చేయండి. ఎడమ వైపు సూర్యుడి పైనుంచి చూసినట్టు భూమి, కుజుడు. కుడి వైపు మనకి కనిపించే ఆకాశం. రెండూ ఒకే తేదీతో కదలాలి. సెకనుకి 30 కిలోమీటర్ల భూమి, 24 కిలోమీటర్ల కుజుణ్ణి లోపలి దారిలో దాటేసేటప్పుడు కుడి తెరలో ముడి పడుతుంది. ఒక్క తెరే చూపిస్తే సగం సంగతే తెలుస్తుంది.

పాలకొండ_పిల్లోడు | మార్చి 15, ఉదయం 8:02

కాంప్లెక్స్‌లో మన బస్సు పక్క బస్సుని దాటితే అది వెనక్కి పోతున్నట్టు ఉంటాది, అదేనా? మా అమ్మకి ఇలా చెప్తే ఒప్పుకోదు. వక్రం అంటే వక్రమే అంటాది.

మోడరేటర్ | మార్చి 15, ఉదయం 9:00

గయా ప్రశ్నలకి విడిగా థ్రెడ్ తెరవండి. ఇక్కడ మాస్టారి పని పూర్తికానివ్వండి.

ఆమదాలవలస_సైన్స్‌మాస్టారు | మార్చి 22, రాత్రి 9:15

ప్రోగ్రాం నడిచింది. వీణ గారికి మా క్లాసు తరఫున దండాలు.

ఫ్రేములు ప్రింట్ చేసి కాగితాల కట్టలు కూడా కుట్టించాను, కరెంటు పోయినా బొటనవేలితో గబగబా తిప్పితే సూర్యుడు నడుస్తాడు. ప్యానెల్ కంటే పిల్లలకి అదే నచ్చింది. వెనక్కి తిప్పొచ్చు, ఆపొచ్చు, పక్కవాడితో పోట్లాడొచ్చు.

కర్ర నీడ కూడా ఈ వారమంతా గీశారు. రెండు ఉదయాలు మంచు, ఒక ఆదివారం. దొరికిన రోజులకి ఎర్ర చుక్కలు, షీటులోని లెక్కకి పసుపు గీత. కళింగతీరం గారూ, మెలిక వద్దన్నారు కానీ మా పిల్లలు దాన్నే పట్టుకున్నారు. ఒక ఎర్ర చుక్క గీతకి బాగా దూరంగా పడింది. "లెక్క తప్పా, కర్ర తప్పా?" అని పెద్ద గొడవ. వెళ్లి చూస్తే కర్ర వంగి ఉంది, వాలీబాల్ తగిలిందట. పసుపు గీత ఒక్కటే చూపించి ఉంటే ఈ గొడవ వచ్చేదే కాదు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ప్యానెల్‌లో ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ గుర్తులు కలిపి వేస్తే ఒక అబ్బాయికి రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

బొబ్బిలి_వీణ | మార్చి 22, రాత్రి 9:52

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు దాదాపు ప్రతి స్కూల్లోనూ ఉంటారు మాస్టారూ, మగపిల్లల్లో ఎక్కువ. నీలం, నారింజ వాడండి. రంగుతో పాటు ఆకారం కూడా మార్చండి, కొలిచినవి గుండ్రం, లెక్కవి గీత. మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాళ్లు కూడా 2017లో రంగుల వరసని విరిడిస్ అనే దానికి మార్చింది కొంత ఇందుకే.

డిగ్రీ_ఫైనలియర్_విజయనగరం | మార్చి 22, రాత్రి 10:30

అక్కా, మోడరేటర్ గారు తిట్టినా ఒక్క మాట. తెల్ల మరుగుజ్జుల పాయ వచ్చింది!!

కళింగతీరం | మార్చి 23, ఉదయం 7:44

మాస్టారూ, వంగిన కర్ర దగ్గర నేను ఓడిపోయాను. ఆ కర్రని పీకకండి, తిన్నగా చేసి ఉంచండి. మే రెండో వారంలో సూర్యుడు మన నడినెత్తి మీదకి వస్తాడు, నీడ మాయమవుతుంది. మళ్లీ జులై చివర్లో ఇంకోసారి. రోజూ మధ్యాహ్నం నీడ పొడవు కొలుస్తూ పోతే రెండో యానిమేషన్ సిద్ధం.

పాలకొండ_పిల్లోడు | మార్చి 23, ఉదయం 8:15

మేలో సెలవులు, జులైలో మబ్బు. భలే రోజులు చూశారు గురూ.

ఆమదాలవలస_సైన్స్‌మాస్టారు | మార్చి 23, రాత్రి 8:30

స్కూలు పక్కనే ఇళ్లున్న పిల్లలు నలుగురు సెలవుల్లోనూ వస్తామన్నారు. వాచ్‌మన్‌తో మాట్లాడాను. సరిగ్గా 12 గంటలకి కొలవమని చెప్పనా?

గణితపంచాంగం | మార్చి 24, ఉదయం 6:10

12కి వద్దు. మే రెండో వారంలో శ్రీకాకుళానికి సూర్యుడు మిట్టకొచ్చేది 11:51కి. జులై చివర్లో అయితే 12 దాటి ఒక నిమిషానికి. మేలో పిల్లల్ని 11:40కే రమ్మని, 12 దాకా రెండు నిమిషాలకోసారి గుర్తు పెట్టించండి. అన్నిటికంటే పొట్టి నీడ ఏదో వాళ్లే తేలుస్తారు.